అద్దె పుచ్చుకోని యజమాని

జూన్ 1

అద్దె పుచ్చుకోలేదు.

ఉదయం ఎప్పటిలాగే కవరులో పెట్టుకుని కిందికి దిగాను. చంటి వరండాలో పేపరు చదువుతున్నాడు. నలభై దాటినవాణ్ణి చంటి అనడం వాళ్ళమ్మ చేసిన అలవాటు. ఆవిడ మార్చిలో పోయింది, పేరు మాత్రం వాడి వెంట ఉండిపోయింది. కవరు చూడగానే పామును చూసినట్టు చేతులు వెనక్కి లాక్కున్నాడు. మీ దగ్గర అద్దె పుచ్చుకుంటే అమ్మ ఆత్మ క్షోభిస్తుంది పిన్నీ అన్నాడు. లీజు కూడా నిన్నటితో అయిపోయింది కదా, ఇక మన మధ్య కాగితాలేమిటి అన్నాడు. వాడి భార్య వంటింట్లోంచి వచ్చి, మీరు మా మనిషండీ, మా మనిషి దగ్గర డబ్బు తీసుకుంటామా అని కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలు తరుగుతోంది కాబోలు.

వాళ్ళమ్మ ఆత్మ సంగతి నాకు వాడికన్నా బాగా తెలుసు. ఈ మేడమీద ముప్ఫై అయిదేళ్ళుగా అద్దెకుంటున్నాను. ప్రతి ఒకటో తారీఖున ఆవిడ అద్దె పుచ్చుకునేది, రసీదు రాసేది, సంతకం ఆరేదాకా ఊదేది. కాఫీ ఆ తరువాతే. ఒకసారి నేను ఆసుపత్రిలో ఉండిపోయి ఆలస్యమైతే అక్కడికే వచ్చి, ముందు నా నుదురు పట్టి చూసి, తరువాత అద్దె అడిగింది. తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే అనేది. నేను ఆవిడను అక్కయ్యగారూ అని పిలిచేదాన్ని. పిలిచినందుకు ఆవిడ చిల్లిగవ్వ తగ్గించలేదు. తగ్గించనందుకు నేను ఒక్కపూట ముఖం ముడుచుకోలేదు. అంత శుభ్రమైన స్నేహం నాకు మరొకటి లేదు.

ఆవిడ పోయాక రెండు నెలలు చంటి కూడా మామూలుగానే తీసుకున్నాడు, రసీదు రాయడం మాత్రం వదిలేశాడు. ఈ నెల ఈ ఔదార్యం ఎందుకు పుట్టుకొచ్చిందో తెలియదు.

కవరు బల్లమీద ఉంది. డబ్బు నాదే. అయినా ఎవరో నాకు బిచ్చం వేసినట్టుంది.

జూన్ 2

చెల్లెలు ఫోన్ చేసింది. దానికి చెప్పకుండా ఉండవలసింది. అద్దె లేకుండా ఇల్లు దొరికితే జనం ఎగిరి గంతేస్తారు, నువ్వు ఏడుస్తున్నావా అంది. ఏడవడం లేదు, కోపంగా ఉంది అన్నాను. నీకు కోపం రాని రోజు ఏదో చెప్పు, క్యాలెండర్లో గుర్తు పెట్టుకుంటాను అంది. ఆ తరువాత పాత పాటే అందుకుంది. వాళ్ళింటికి వచ్చేయాలట, హాలు పక్క గది ఖాళీగానే ఉందట.

ఆ గది నేనెరుగుదును. ఇస్త్రీ బల్ల, ఎవరూ నడవని ట్రెడ్‌మిల్లు, వాటి మధ్య నేను. తలుపు వేసుకుంటే ఎవరో ఒకరు వచ్చి బీపీ పెరిగిందా అని అడుగుతారు. వేసుకోకపోతే టీవీ. చెల్లెలి ఇంట్లో నేను అక్కను, పెద్దమ్మను, పిల్లలకు అమ్మమ్మ వరసను. టీ పెట్టుకోవాలంటే ముగ్గురికి సంజాయిషీ చెప్పుకోవాలి. ఇక్కడ నెలకొకసారి అద్దె చెల్లిస్తాను. తక్కిన రోజులు ఎవరికీ ఏమీ చెప్పను. ఈ తేడా దానికి బోధపడదు. నేను పెళ్ళి చేసుకోకపోవడం కూడా బోధపడలేదు, పాపం.

జూన్ 8

చెక్కు రాసి కింద ఇచ్చి వచ్చాను. సాయంత్రానికి తలుపు సందులోంచి లోపలికి వచ్చి పడింది, రెండు ముక్కలై. ఒక ముక్క వెనక నవ్వుతున్న ముఖం గీసి ఉంది. నేను గీతలు గీసి బతికినదాన్ని. అంత వంకర గుండ్రం ఇంతవరకూ చూడలేదు.

జూన్ 14, ఉదయం

రాస్తుంటే కలం కాగితాన్ని చించుతోంది. వయసు వల్ల కాదు.

స్నానం చేసి తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి నా వంటింట్లో ముగ్గురు మగవాళ్ళు నిలబడి ఉన్నారు. చంటి, తాపీమేస్త్రీ, కొలిచే టేపు పట్టుకున్న ఒక కుర్రవాడు. అత్యవసరానికని ఎప్పుడో వాళ్ళమ్మకు ఇచ్చి ఉంచిన రెండో తాళంచెవి చంటి వేలికి వేలాడుతోంది. ఆవిడ బతికి ఉండగా దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. మేస్త్రీ సిగ్గుపడి గోడకేసి తిరిగాడు. చంటి తిరగలేదు. గోడ చెమ్మెక్కింది కదా, చూపిద్దామని తెచ్చాను, మన ఇల్లే కదా పిన్నీ అన్నాడు.

మన.

మా అనేవాడు నిన్ను బయట నిలబెడతాడు. మన అనేవాడు నీ భుజంమీద చెయ్యివేసి లోపలికి నడిచి వస్తాడు. మొదటివాడితో పోట్లాడవచ్చు. రెండోవాడితో ఎలా పోట్లాడాలో ఏ కాలేజీలోనూ చెప్పలేదు. అయినా చెప్పాను: "ఇల్లు నీది. అద్దెకు ఇచ్చినన్నాళ్ళూ ఈ వాటా నాది. మన అనే గది ఈ మేడమీద లేదు." వాడు నవ్వాడు. పొద్దున్నే కాఫీ పడలేదా పిన్నీ అన్నాడు. కుర్రవాడు కూడా నవ్వబోయి నా ముఖం చూసి మానుకున్నాడు.

ఈలోగా ఆ కుర్రవాడు హాలు పొడవు, వెడల్పు, కిటికీ ఎత్తు కొలిచి రాసుకున్నాడు. వంటింటి చెమ్మకు హాలు పొడవెందుకు అని అడిగాను. ఊరికే అన్నాడు చంటి. ఉద్యోగమంతా సర్వే శాఖలో నక్షాలు గీశాను. పదవి పేరు డ్రాఫ్ట్స్‌మన్. నేను ఆడదాన్ని, పేరు మార్చండి అంటే, పోస్టు మగదమ్మా, మీరే సర్దుకోవాలి అన్నారు. ఆ ఆఫీసులో నేర్చుకున్నది ఒకటి ఉంది. ఎవడూ ఊరికే కొలవడు.

జూన్ 14, సాయంత్రం 5

తాళం మార్పించాను. రెండో చెవి ఎవరికమ్మా అని అడిగాడు తాళాలవాడు. అదీ నాకే అన్నాను.

జూన్ 17

చంటి భార్య పైకి వచ్చింది. కొత్త తాళంచెవి ఒకటి కింద ఉంచాలట. ఎందుకమ్మా అన్నాను. రేపు లోపల మీకేమైనా అయితే తలుపు పగలగొట్టాలా పిన్నిగారూ అంది. ఎంత సున్నితంగా అందో! నా చావును పళ్ళెంలో పెట్టి అందించినట్టు అంది.

పగలగొట్టుకోండి అన్నాను. అప్పటికి తలుపుతో నాకు పని ఉండదు, ఇప్పుడు ఉంది.

ముఖం మాడ్చుకుని దిగిపోయింది. మెట్లమీద ఫోనులో ఎవరితోనో అంటోంది, ఏకై వచ్చి మేకై కూర్చుంది అని. నాకు చెవులు బాగా వినిపిస్తాయని వాళ్ళకు ఇంకా తెలియదు. మా మనిషి అన్న రోజునే ఏకూ మేకూ కూడా అయిపోయాను. ఇంత త్వరగా ప్రమోషన్ నాకు ఉద్యోగంలో ఎప్పుడూ రాలేదు.

జూలై 1

అద్దె మళ్ళీ పుచ్చుకోలేదు. కవరు నా సంచిలో వెనక్కి పెట్టి, దాని మీద ద్రాక్షపళ్ళ పొట్లం ఒకటి ఉంచాడు. పళ్ళు మెట్లమీద వదిలేసి వచ్చాను. చీమలు మొహమాటపడలేదు.

జూలై 6

ఇప్పుడు అర్థమైంది. అన్నీ అర్థమయ్యాయి.

చంటి ఇవాళ తలుపు తట్టాడు. తట్టాడు కదా అని సంతోషించి తీశాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. వెనక ఒక జంట ఉన్నారు. స్నేహితులు పిన్నీ, ఇల్లు ఒకసారి చూస్తారట అన్నాడు. భర్త పైకప్పు చూశాడు, కుళాయిలు తిప్పాడు, గోడల మీద వేళ్ళతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. భార్య మంచి అమ్మాయిలాగే ఉంది. నా పుస్తకాల బీరువా మెచ్చుకుంది. తరువాత చాలా మర్యాదగా, మీరు ఎప్పుడు వెళుతున్నారండీ అని అడిగింది.

ఎక్కడికి అన్నాను.

ఆ అమ్మాయి తడబడింది. చంటిగారు చెప్పారు కదా అంది. చంటిగారు ఏం చెప్పారో ముక్కముక్కగా బయటికి వచ్చింది. ఇంట్లో అద్దెవాళ్ళంటూ ఎవరూ లేరు. మేడమీద ఉన్నావిడ మా పిన్ని. మాతోపాటు ఉంటుంది. ఎక్కడంటే అక్కడ సర్దుకుంటుంది. రాసిచ్చేనాటికి ఇల్లు ఖాళీ.

చంటి వైపు చూశాను. వాడు కిటికీ గడియ సరిచేస్తున్నట్టు నటించాడు. ఆ గడియ బాగానే ఉంది, కిందటేడు నేనే బాగుచేయించాను.

అద్దెకున్న మనిషి ఉంటే ఇల్లు కొనేవాడు వెనకాడతాడు. పంపించాలంటే నోటీసివ్వాలి, కారణం చూపాలి, గడువివ్వాలి. పిన్ని ఉంటే ఏముంది? పిన్నిని సర్దుతారు. పాత సోఫాను సర్దినట్టు. అందుకే లీజు అయిపోయేదాకా ఆగాడు. అందుకే అద్దె ముట్టలేదు. అమ్మ ఆత్మ క్షోభించడం కూడా అందుకే. గౌరవమనుకుని నేను మొహమాటపడుతుంటే, వాడు నా కాళ్ళకింది నేలను మడతపెడుతున్నాడు. తేనె పూసిన కత్తి అంటారు. ఇక్కడ తేనే కత్తి.

ఆ అమ్మాయితో చెప్పాను: "నేనీ ఇంట్లో అద్దెకుంటున్నాను. ఎక్కడికీ వెళ్ళడం లేదు." వెళుతూ చెప్పులు తారుమారుగా తొడుక్కుంది.

జూలై 7

ఇల్లు ఖాళీయట. అందులో కూర్చుని రాస్తున్నాను.

జూలై 11

లాయరును కలిశాను. నాతో పనిచేసిన ఆవిడ మేనకోడలు. చిన్న వయసు, పెద్ద సంచి. వెళ్ళగానే కూర్చోండి ఆంటీ అంది. ముందు ఫీజు చెప్పమ్మా, తరువాత నీ ఇష్టం వచ్చినట్టు పిలుచుకో అన్నాను. నవ్వి చెప్పింది. తగ్గించమనలేదు, తగ్గిస్తాననలేదు. గురి కుదిరింది.

అంతా విని ఆ అమ్మాయి చెప్పిన సారాంశం ఇది. ఇల్లు ఆయనదే, సందేహం లేదు. కాని లీజు గడువు తీరినా మీరు అద్దెదారే, అద్దెకున్నంతకాలం స్వాధీనం మీది. మీరు రానిస్తే తప్ప యజమాని కూడా గుమ్మం దాటకూడదు. మీరు అద్దె ఎగ్గొట్టకూడదు, గోడలు కూలగొట్టకూడదు. ఆయన మిమ్మల్ని వేళగాని వేళ వేధించకూడదు, ఊరికే పొమ్మనకూడదు. ఇల్లు అమ్ముకోవచ్చు, మీరు అందులో ఉండగానే అమ్ముకోవచ్చు. చుట్టం సంగతి వేరు. చుట్టానికి ఉన్నది అభిమానం ఒకటే. అది ఎప్పుడు తరిగిపోయినా వెళ్ళి అడగడానికి ఆఫీసు లేదు.

అద్దె ఉంటేనే హద్దు, అంతేనా అన్నాను. భలే చెప్పారు ఆంటీ, వాదనలో వాడుకుంటాను అంది.

ఫిర్యాదు వేస్తే ఆయన ముందుగా ఎత్తేది ఆ పిన్ని పిలుపే అని హెచ్చరించింది. అద్దె తగాదాలు విచారించే అధికారి నన్ను అడుగుతాడట. అప్పుడు, మర్యాదకు పిలిచే వరస, రక్తసంబంధం లేదు అని నెమ్మదిగా చెప్పాలట. ఆ నెమ్మదిగా అన్న మాట రెండుసార్లు అంది. మా సహోద్యోగిని నా గురించి ముందే చెప్పినట్టుంది.

జూలై 19

నోటీసు వాళ్ళకు అందింది. రెండు రోజులు కింద రేడియో కూడా మోగలేదు. ఇవాళ చంటి పైకి వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డాడు. రా అనలేదు నేను.

కోర్టుకెక్కుతారా పిన్నీ అన్నాడు. కోర్టు కాదు, అద్దె తగాదాలు చూసే ఆఫీసు అన్నాను. నేను మిమ్మల్ని వీధిలో పడేస్తాననుకున్నారా అన్నాడు. పిల్లల స్కూలు దగ్గర లిఫ్టున్న ఫ్లాటు చూశాడట. అందులో మూడో గది నాకేనట. బాల్కనీ కూడా ఉందట. కర్టెన్లు ఏ రంగువి కావాలో నన్నే అడుగుదామనుకున్నాడట. ఎవరడిగారు నిన్ను అన్నాను. అడగాలా, అమ్మను అడిగి తీసుకెళతానా అన్నాడు.

వాడు అబద్ధమాడడం లేదు. అదే నన్ను దహించివేస్తోంది. ఇల్లు అమ్ముకోవడానికి నన్ను లేకుండా చేసిన మాట ఎంత నిజమో, మూడో గది మాట కూడా అంతే నిజం. వాడి బుర్రలో రెండూ పక్కపక్కనే పడుకుని నిద్రపోతున్నాయి. వట్టి మోసగాడైతే నాకింత కోపం వచ్చేది కాదు. పోలీసులను పిలిచి భోజనం చేసేదాన్ని.

చిన్నప్పుడు వాళ్ళమ్మకు జ్వరమొస్తే వాడు నా డ్రాయింగ్ బోర్డు కింద చాప వేసుకుని పడుకునేవాడు. వృత్తలేఖిని చేతికిస్తే పువ్వులు వేసేవాడు, అన్నీ వంకరే. వాళ్ళమ్మ పోయిన రోజున నా భుజం తడిసిపోయేలా ఏడ్చాడు. ఇదంతా నేను మరచిపోయానని వాడి ఆరోపణ. మరచిపోలేదు. జ్ఞాపకముంటే ఇల్లు ఖాళీ చేయాలని మాత్రం ఎక్కడా లేదు.

అద్దె పుచ్చుకో, నోటీసు వెనక్కి తీసుకుంటాను అన్నాను. మీ నుంచి అద్దా అన్నాడు, తల్లిమీద ఒట్టు వెయ్యమన్నట్టు. తలుపు వేసేశాను.

ఆగస్టు 1

వాడు పుచ్చుకోని అద్దె అంతా ఆఫీసులో కట్టాను. గుమస్తా నా వంక చూడనైనా చూడకుండా ముద్ర కొట్టాడు. ఆరోగ్యం ఎలా ఉందని అడగలేదు. హాయిగా ఉంది.

ఆగస్టు 9

చెల్లెలు. నలుగురూ ఏమనుకుంటారు అంది. నలుగురిలో అద్దె కట్టేది ఎవరో కనుక్కో అన్నాను. పెట్టేసింది.

ఆగస్టు 22

ఉన్నదున్నట్టు రాస్తాను.

ఆ ఆఫీసు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు పనిచేయదు. మోకాళ్ళున్నవాళ్ళు అద్దెకుండకూడదని ప్రభుత్వం వారి అభిప్రాయం కాబోలు. అధికారి కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని కాగితాలు చదివే మనిషి. ఎదురుగా ఒక పక్క నేను, మా లాయరు. ఇంకో పక్క చంటి, వాడి భార్య, వాళ్ళ లాయరు.

వాళ్ళ లాయరు మొదలుపెట్టాడు. వృద్ధురాలు, ఒంటరి, నా క్లయింటు తల్లికి తోబుట్టువులా మెలిగిన స్త్రీ, ఆమె మరణానంతరం మానవత్వంతో ఉండనిచ్చారు అన్నాడు. ఉండనిచ్చారు! ముప్ఫై అయిదేళ్ళు నెల తప్పకుండా చెల్లించిన మనిషిని ఉండనిచ్చారట. ఏ వానకో తడిసి అరుగెక్కిన కుక్కపిల్లను అన్నట్టు. నేను లేవబోయాను. మా లాయరు బల్లకింద నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

తరువాత చంటి మాట్లాడాడు. వాళ్ళ లాయరు నేర్పినది రెండు వాక్యాలు చెప్పి, ఆ తరువాత సొంతం చెప్పాడు. ఈవిడ నాకు జామెట్రీ నేర్పిందండీ అన్నాడు. అమ్మ పోయిన రోజున నన్ను పట్టుకుని కూర్చున్నది ఈవిడే, నా పెళ్ళిలో అమ్మ పక్కన నిలబడింది ఈవిడే, ఈవిడ దగ్గర నేను అద్దె ఎలా పుచ్చుకోమంటారు, ఏ చేత్తో పుచ్చుకోమంటారు అన్నాడు. నటన కాదు. గుమస్తా రాయడం ఆపి నా వంక రాకాసిని చూసినట్టు చూశాడు. ఒక్క క్షణం నాకే అనిపించింది, ఇతన్ని ఆఫీసుకీడ్చిన ఆ ముసలిది ఎవరా అని.

అధికారి కళ్ళద్దాలు కిందికి దించుకున్నాడు.

"అమ్మా, ఇతను మీకేమవుతాడు?"

నేర్చుకున్న జవాబు నాలుక చివరే ఉంది. మర్యాదకు పిలిచే వరస, రక్తసంబంధం లేదు. చక్కగా కుదిరిన వాక్యం. చెబుదామనే నోరు తెరిచాను. కాని చంటి నా వంక చూస్తున్నాడు. ఆ చూపులో బతిమాలడం లేదు. ధీమా ఉంది. పిన్ని కాదనలేదులే అనే ధీమా. ఆ ధీమాతోనే నా వంటింట్లోకి మనుషులను తెచ్చాడు. ఆ ధీమాతోనే నేను నిలబడి ఉన్న ఇంటిని ఖాళీ అని అమ్మకానికి పెట్టాడు.

"ఏమీ కాడు," అన్నాను. "ఇంటి యజమాని. అంతే."

నెమ్మదిగానే అన్నాను. అంత నెమ్మదిగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

చంటి ముఖానికి మొదట ఏమీ కాలేదు. ఆ తరువాత ఒక్కసారిగా అయింది. కుర్చీ వెనక్కి పడేలా లేచాడు.

"విన్నారాండీ? నెత్తిన పెట్టుకుని చూసుకుంటే ఇదీ వరస! అద్దెకున్నావిడకి ఇంత పొగరేమిటండీ?"

వాడి భార్య కళ్ళు మూసుకుంది. వాళ్ళ లాయరు తన ఫైలులోకి దిగిపోయాడు, ఈదుకుంటూ అవతల తేలతాడేమో అనిపించింది.

అధికారి మళ్ళీ చెప్పమన్నాడు. "అద్దెకున్న..." అని చంటి ఆగాడు. కుర్చీ తీసి కూర్చోండి, చాలు అన్నాడు ఆయన. గుమస్తా కలం కదిలింది.

మిగిలినది త్వరగానే అయింది. ఆవిడ కట్టింది అద్దే, ఉన్నది అద్దెకే అన్నాడు అధికారి. ఆఫీసులో జమపడ్డ సొమ్ము యజమాని తీసుకోవాలి, వచ్చే నెల నుంచి చేతికే తీసుకుని రసీదివ్వాలి; ఇల్లు ఎవరికైనా అమ్ముకోవచ్చు, అద్దెదారు ఉన్న సంగతి చెప్పి అమ్ముకోవాలి; చెప్పకుండా లోపలికి పోరాదు. చివరి మాట దగ్గర చంటివైపు చూసి, ఎవరింటికైనా సరే, తట్టి వెళ్ళడం మంచిది అన్నాడు.

మెట్లు దిగుతుంటే మా లాయరు నా చెయ్యి ఊపేస్తోంది. కావాలనే రెచ్చగొట్టారు కదూ ఆంటీ అంది. కాదన్నాను. నమ్మలేదు. చంటి దంపతులు మా ముందు దిగుతున్నారు. వాడు గోడ పట్టుకుని దిగాడు. అలవాటుగా, మెట్టు విరిగింది జాగ్రత్త అనబోయి నోరు మూసుకున్నాను.

ఆగస్టు 23

నిజమే చెప్పాను. చట్టప్రకారం ఒక్క అక్షరం తప్పు లేదు. ఇన్నేళ్ళు గీసిన నక్షాల్లో కూడా ఇంత కచ్చితమైన గీత గీయలేదు.

కాఫీ తాగలేదు ఇవాళ. పాలు విరిగాయి.

సెప్టెంబర్ 1

అద్దె పుచ్చుకున్నాడు.

నమస్కారమండీ అన్నాడు. కూర్చోండి అన్నాడు. రసీదు రాస్తూ నా పేరు దగ్గర ఆగాడు. ఇన్నేళ్ళలో నా పేరు వాడికి అవసరపడలేదు. నోటీసులో మొదటిసారి చదివి ఉంటాడు. శంఖంలో శానా, షట్కోణంలో షానా అండీ అని అడిగాడు. శంఖంలోదే అన్నాను. శ్రద్ధగా రాశాడు. థాంక్యూ మేడమ్ అన్నాడు.

నేను కోరినది అక్షరాలా జరిగింది. రసీదు ఉంది, మర్యాద ఉంది, గుమ్మానికి ఎవరి చెయ్యీ తగలడం లేదు. కోపం తెచ్చుకోవడానికి ఏమీ దొరకలేదు. పైకి వచ్చి చెల్లెలికి ఫోన్ చేసి, దానిమీద కోప్పడ్డాను.

అక్టోబర్ 12

ఇల్లు అమ్ముడైంది. ఆ రోజు చెప్పులు తారుమారు చేసుకున్న అమ్మాయి, వాళ్ళాయనే కొన్నారు. నాతో సహా కొన్నారు. నా వల్ల ధర కొంత తగ్గించవలసి వచ్చిందట. నా జీవితంలో ఇంత విలువ నాకెవరూ కట్టలేదు.

ఆ అమ్మాయి తట్టి, తీసేదాకా ఆగి, లోపలికి వచ్చింది. మీరు మాకు పెద్దదిక్కులాంటివారు అని మొదలుపెట్టింది. నేను లీజు కాగితం తీసి ముందుపెట్టాను. ముందు ఇది, పెద్దదిక్కు సంగతి తరువాత చూద్దామమ్మా అన్నాను. చదివి సంతకం పెట్టింది. కాఫీ ఇచ్చాను. తెలివైన పిల్ల, ఒకటో తారీఖు ఉదయం వస్తానంది.

అక్టోబర్ 30

చంటివాళ్ళు ఫ్లాటుకు వెళ్ళిపోయారు. లారీ రెండు ట్రిప్పులు వేసింది. వాడు పైకి రాలేదు, నేను కిందికి దిగలేదు. బాల్కనీలోకి కూడా వెళ్ళలేదు. వంటింటి కిటికీలోంచి అంతా కనిపిస్తుంది.

డిసెంబర్ 18, సాయంత్రం 6

మెట్లమీద అడుగుల చప్పుడు. కిందివాళ్ళవి కావు. తలుపు అవతల ఆగాయి. తట్టలేదు. ఇప్పుడు అతను యజమాని కాడు, నేనతని అద్దెకున్నావిడను కాను. ఏమని పిలవాలో తోచలేదు కాబోలు.

దగ్గాడు.

కాసేపు ఆగి, లోపలినుంచి నేనూ దగ్గాను.